అమ్మాయి కనిపెట్టిన దారులు

"మూసేసిన సైటుని మళ్లీ ఎలా తెరుస్తారు బాబూ? నాకా కిటుకు చెప్పు."

కౌంటరు అవతల నిలబడ్డ నలభయ్యేళ్ల ఆవిడ చేతిసంచీలోంచి నోటుపుస్తకం, పెన్నూ తీసింది. విప్పుతున్న కంప్యూటర్ని పక్కన పెట్టి నెట్ డాక్టర్ తలెత్తాడు. అతని కొట్టు బోర్డు మీద వేరే పేరుంది గానీ వీధిలో అందరూ అతణ్ని అలాగే పిలుస్తారు. పనిలో దిట్ట. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

"ఎవరమ్మా తెరిచేది?"

"మా అమ్మాయి. దానికి చదరంగం పిచ్చి. ఏదో సైటుంది, ఎక్కడెక్కడి వాళ్లతోనో ఆడొచ్చు. కూర్చుందంటే లేవదు. మా ఆయన విసిగిపోయి రౌటర్లో ఆ సైటు మూసేశారు. ఆదివారం పదింటికి దాని పరీక్ష. ఇది పోతే మళ్లీ ఏడాది దాకా లేదు."

"ఫోన్లో ఆడుతోందేమో చూశారా?"

"దానిది బటన్ల ఫోను. ఇంట్లో కంప్యూటరొక్కటే దిక్కు."

ఇలాంటి ప్రశ్న ఎదురైతే అతనికి ఆకలి కూడా గుర్తుండదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సైటు పేరు చెప్పి దాని అడ్రసేంటని కంప్యూటర్ అడిగితే, మీ రౌటర్ తెలియనట్టు నటిస్తుందమ్మా. మూయడమంటే అంతే. మీ అమ్మాయి దాన్ని అడగడం మానేసి బయటివాళ్లని అడుగుతోంది. సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని ఉంటుంది. అక్కడి నంబరు మార్చేస్తే సరి."

"ఏ సెట్టింగులో? మెల్లిగా చెప్పు, రాసుకుంటా."

చెప్పాడు. ఆవిడ గుండ్రటి అక్షరాలతో పేజీ నిండా రాసుకుంది. "ఇక దాన్ని ఆపడం ఎలాగంటే..." అని అతను అందుకునేసరికి పెన్నుకి మూత పెట్టేసింది.

"అది మా ఆయన చూసుకుంటారులే."

మర్నాడు కొట్టు తెరవగానే ఆవిడే ప్రత్యక్షం.

"అది కాదు బాబూ. ఆ నంబరు మారిస్తే తెరుచుకోదు. మా ఆయన ఆ దారి ముందే కట్టేశారు. ఇంకేదో ఉండాలి."

ఆ పిల్ల బుర్ర మీద నెట్ డాక్టర్‌కి కాస్త గౌరవం కలిగింది. గుమ్మం మూస్తే కిటికీ, కిటికీ మూస్తే పెరటి తలుపు వెతికే రకం అనుకున్నాడు.

"అయితే ప్రాక్సీ అయ్యుంటుంది. మాటల్లేని అన్నదమ్ముల మధ్య కబుర్లు మోసే మనిషుంటాడు చూడండి, అలాంటి సైటది. పిల్ల దాన్ని అడుగుతుంది, అది వెళ్లి ఆ పేజీ తెచ్చిస్తుంది. పిల్ల ఎవరితో మాట్లాడిందంటే రౌటర్‌కి ఆ మధ్యవర్తే కనిపిస్తాడు."

"ఆ మధ్యవర్తి ఎక్కడ దొరుకుతాడు?"

అదీ చెప్పాడు. అదీ రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ రొప్పుతూ వచ్చింది. మొహం వాడిపోయింది.

"పేజీ తెరుచుకుంటోంది గానీ పావులు కదలడం లేదు!"

నెట్ డాక్టర్‌కి నవ్వాగలేదు. "మీరు ఆడి చూశారేంటమ్మా?"

"వెనకాల నిలబడి చూశా."

"పావులు కదలకపోతే ఇంకేం? మీ పని గట్టెక్కినట్టేగా!"

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. "అది ఊరుకునే రకమా బాబూ? రేపు పదిలోపు ఇంకో దారి వెతుకుతుంది. అదేంటో నాకు ముందే తెలియాలి."

ఆ తల్లి తపన చూస్తే అతనికి జాలేసింది. తన కంప్యూటర్ ఆవిడ వైపు తిప్పాడు.

"ఇక మిగిలింది వీపీఎన్. ఇది సొరంగం. రౌటర్ గుండానే వెళ్తుంది గానీ లోపల ఏం పోతోందో రౌటర్‌కి అంతుపట్టదు. ఊరికే ఇస్తామనే వాళ్లందరినీ నమ్మకూడదు, మన గుట్టంతా వాళ్ల చేతికిచ్చినట్టే. పేరున్న వాళ్లదే తీసుకోవాలి. ఇదిగో, ఇలా దించుకోవడం, ఇలా కలపడం."

"నన్నోసారి నొక్కనీ. అది ఎక్కడ చెయ్యి పెడుతుందో నాకు తెలియాలిగా."

రెండుసార్లు నొక్కింది. మూడోసారి అతని సాయం లేకుండానే కలిపేసింది. ఈవిడ కడుపున పుట్టిన పిల్ల గడుసుది కాక ఏమవుతుంది అనుకున్నాడు నెట్ డాక్టర్.

సోమవారం సాయంత్రం ఎవరో పెద్దమనిషి ఫోను చేశాడు. ఇంట్లో రౌటర్ చూడాలట, రెండు వీధుల అవతలేనట. సామాను సంచీ భుజాన వేసుకుని వెళ్లి గంట కొడితే తలుపు తీసింది ఆవిడే. అతణ్ని చూసి ఆవిడ మొహంలో రంగు మారింది.

"మీ ఇల్లేనా అమ్మా! పరీక్ష ఎలా రాసింది?" అన్నాడు సంబరంగా.

ఆవిడ గబుక్కున వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "ఫస్టొచ్చింది." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అప్పుడే ఫలితాలు కూడానా?"

"అక్కడికక్కడే చెప్పేశారు. నీ మేలు మర్చిపోలేను. ఆయన దగ్గర మాత్రం ఈ ఊసెత్తకు బాబూ."

సరేనని తలూపాడు. ఇంతలో భర్త లోపల్నుంచి పిలిచి రౌటర్ చూపించాడు.

"ఆ చదరంగం సైటు వారం కింద నేనే మూశాను. నిన్న నేను బజారుకెళ్లి వచ్చేసరికి మళ్లీ దాని ముందే, ఏదో పోటీ అట! ఆ ఆటలో పడితే ఇంట్లో పిలిచినా పలికే దిక్కుండదు. ఎవరు నేర్పారో ఏమో. చీమ కూడా దూరకుండా బిగించండి."

నెట్ డాక్టర్ రౌటర్ వెనక తీగలు సర్దాడు. స్క్రూడ్రైవర్ తీశాడు, మళ్లీ సంచీలో పెట్టాడు. ఇచ్చిన మాట గుర్తుంది గానీ, అంత కష్టపడి గెలిచిన పిల్లకి ఇంకా ఈ శిక్షేమిటని ప్రాణం ఒప్పలేదు.

"ఇంకా బిగించడం ఎందుకు సార్?" అన్నాడు. "ఫస్టొచ్చిన పిల్ల, కాసేపు ఆడుకోనివ్వండి."

"ఏ పిల్ల?"

"మీ అమ్మాయే సార్."

ఆయన కళ్లజోడు తీసి అతని వైపు వింతగా చూశాడు.

"మాకు పిల్లల్లేరు."