పైడిరత్నం పాస్ చేసిన చెయ్యి

చెయ్యి పోయినవాళ్లకు తొడిగే మరచేతులు తయారుచేసే విజయనగరం ఫ్యాక్టరీలో వేళ్ల పట్టు పరీక్షించడం పైడిరత్నం పని. అక్కడ అందరికీ ఉదయాన్నే గేటు దగ్గర మెడ మీద, పని మీద మనసు నిలిపే హుషారు పట్టీ అంటిస్తారు. తొమ్మిదేళ్లు బాగానే పనిచేసిన పట్టీ ఈ మధ్య ఆమెకు ఎక్కడం లేదు. రెండు అంటించినా పని మీద మనసు నిలవడం లేదు.

"మూడోది కూడా ఏసీమంటావా అప్పా?" అన్నాడు, ఆమెను అక్కలా చూసే సూపర్‌వైజర్ అప్పలనాయుడు.

"ఒద్దు బాబూ. నాను పాస్ సేసిన సెయ్యి ఎవులు తొడుక్కున్నారో ఒక్కపాలి సూడనీ."

అతను చిరునామా వెతికిచ్చాడు. ఆదివారం ఆమె భర్త గవరయ్యను వెంటబెట్టుకుని బొబ్బిలిలో ఆ చిరునామాలో ఉన్న మంగలి షాపుకు వెళ్లింది. ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న రామ్మూర్తి మరచేత్తోనే గడ్డాలు గీస్తున్నాడు. గవరయ్య కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. కత్తి గొంతు మీదికి రాగానే పైడిరత్నం ముందుకు వంగి మరచేతి వేళ్లనే చూసింది. ఆ వేళ్లు ఇసుమంతైనా వణకలేదు.

"ఈ సెయ్యొచ్చినాకే మల్లీ షాపు తెరిసినానమ్మా," అన్నాడు రామ్మూర్తి.

గవరయ్య నున్నటి గడ్డం తడుముకుంటూ, "దీన్ని పాస్ సేసింది మా ఇంటిదే!" అని షాపులో అందరికీ వినబడేలా చెప్పాడు.

సోమవారం ఆమె పట్టీ లేకుండానే పనిలో కూర్చుంది. మధ్యాహ్నం, పరీక్ష యంత్రం సరేనన్న ఒక మరచేతిని పక్కన పెట్టేసింది.

"సిటికినేలు ఒణుకుతోంది బాబూ. నా సేతిమీదుగా ఇది పోదు," అంది అప్పలనాయుడితో.