పన్నెండో సాక్షి

చనిపోయిన భార్య వినిఫ్రెడ్ వంశవృక్షంలో ఒక్క పేరు మాత్రం దొరకలేదు. దానికోసమే ఆంబ్రోస్ ఇంగ్లండులో, నార్ఫోక్‌లోని ఆమె పూర్వీకుల పల్లె చర్చికి వచ్చాడు.

"ఎనిమిదింటికి తాళం వేసేస్తా. మా చచ్చినవాళ్ళని కెలికితే ఇక్కడెవరికీ గిట్టదు పెద్దాయనా," అని కాపలాదారు థర్స్టన్ కసిరాడు. వెళ్తూ వెళ్తూ తన టీ ఫ్లాస్కు మాత్రం వదిలి వెళ్ళాడు.

ఆంబ్రోస్ చలికి ఎడమ చేతికి వినిఫ్రెడ్ ఎర్ర ఉన్ని తొడుగు వేసుకున్నాడు. దాని జత ఎప్పుడో పోయింది. ఆరువందల ఏళ్ళ నాటి తోలు పత్రం విప్పాడు. ఆస్తి చేతికివ్వడానికి ఒక వారసుడికి ఈడొచ్చిందని తేల్చాలి; అతను ఫలానా రోజే పుట్టాడని పన్నెండుమంది ఊరివాళ్ళిచ్చిన సాక్ష్యం అది. ఆ రోజు తమకెందుకు గుర్తుందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకడికి ఆ రోజే కాలు విరిగిందట. ఇంకొకడి కొట్టం కాలిపోయిందట.

పన్నెండోవాడు ఇలా చెప్పాడు: "ఎందుకు గుర్తుండదు? ఆ రాత్రి చర్చిలో ఎవడో పరాయివాడు కూర్చుని మా పేర్లు చదువుతున్నాడు. ఒక్క చేతికే ఎర్ర తొడుగు. అందరం వెళ్ళి బయట తాళం వేసేశాం."

ఆంబ్రోస్ వాచీ చూసుకున్నాడు. ఇంకా ఏడే అయింది.

బయట కంకర మీద అడుగుల చప్పుడు.

"థర్స్టన్, నువ్వేనా?"

అడుగులన్నీ ఒక్కసారే ఆగాయి. తాళంచెవి మెల్లగా తిరిగింది.

సాక్ష్యంలో ఇంకొక్క వాక్యం మిగిలి ఉంది.