తాళికి ముందు సబ్బు

ఆ రోజుల్లో ప్రతి నర్సు చేతికీ ఆసుపత్రి వాళ్లు తొడిగిన మాట్లాడే కడియం ఉండేది. మురికి చెయ్యి దగ్గరికొస్తే అది ఊరుకునేది కాదు. ఉద్యోగం ఉన్నంతకాలం దాన్ని తీయకూడదు. అందుకే పసిపిల్లల వార్డు నర్సు హైమావతి పెళ్లిపీటల మీద కూడా దానితోనే కూర్చుంది.

పెళ్లికొడుకు మురారికి జలుబు. సాంబ్రాణి పొగకు తుమ్మి, ముక్కు తుడుచుకుని, అదే చేత్తో తాళి అందుకున్నాడు.

“ఆగండి,” అంది కడియం. మైకు పక్కనే ఉండటంతో మండపమంతా వినబడింది. “ఆ చేత్తో ఇప్పుడే ముక్కు తుడుచుకున్నారు. సబ్బుతో కడుక్కుని రండి.”

సన్నాయి ఆగిపోయింది.

“ముహూర్తం దాటిపోతోంది. ముందు ఆ దరిద్రాన్ని పగలగొట్టండి,” అంటూ మురారి తండ్రి లేచాడు.

“వద్దు మావయ్యగారూ. ఇది లేకపోతే నన్ను వార్డులోకి రానివ్వరు,” అంది హైమావతి. పెళ్లి ఇక్కడితో సరి అనుకుంది.

మురారి తాళి పళ్లెంలో పెట్టి లేచాడు.

“ఎట్టా కడుక్కోవాలో నాకు తెలీదు. మీరూ రండి,” అన్నాడు.

కుళాయి దగ్గర ఆమె చెబుతూంటే అతను వేళ్ల సందులు రుద్దుకున్నాడు.

“మరి గోళ్లు?” అని తనే అడిగాడు.

పెళ్లిచూపుల్లో నచ్చని మనిషి ఆమెకు అక్కడ నచ్చాడు.

ఇద్దరూ తిరిగొచ్చి కూర్చోగానే కడియం మళ్లీ నోరు విప్పింది.

“పంతులుగారూ, మీరిందాక పంచెలో చెయ్యి పెట్టి గోక్కున్నారు.”

పంతులుగారు ముహూర్తాన్ని ఇంకో పది నిమిషాలు పొడిగించి కుళాయి వైపు నడిచారు.