అక్కకి ఎప్పుడూ పదహారే

తలుపు మళ్లీ దబదబా మోగింది. పిల్ల కుర్చీ ఎక్కి, తలుపుకున్న అరచేతంత అద్దంలోంచి బయటికి చూసింది. వరండాలో కరెంటు లేదు. ఆ మసకలో కొండంత మనిషి, గుబురు మీసాలు. నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తున్నాడు. రికార్డింగు స్టూడియో తలుపు కదా, మధ్యలో దూది కుక్కి మందంగా ఉంటుంది. అంత అరుపూ లోపలికి గొణుగుడులా వచ్చింది. “తియ్యి” అన్న మాటొక్కటే అర్థమైంది.

పిల్ల గొళ్లెం వంక చూసుకుంది. వేసే ఉంది.

“నేనొచ్చేదాకా ఎవరికీ తియ్యకు. దేవుడు దిగొచ్చినా సరే,” అని చెప్పి అమ్మ రోడ్డవతల జిరాక్సు షాపుకి వెళ్లింది. బడికి సెలవులు, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. అందుకే తొమ్మిదేళ్ల పిల్లని తనతోపాటు పనికి తెచ్చుకుంది. రేడియోలో వచ్చే ‘డిటెక్టివ్ అక్క’ నాటకానికి చప్పుళ్లు చేయడం అమ్మ పని. రేకు ఊపితే ఉరుము, పళ్లెంలో ఇసుక ఆడిస్తే వాన, పాత కుర్చీని నొక్కితే దెయ్యాల కొంప తలుపు. అమ్మ బడికెళ్లే రోజుల్లో మొదలైన నాటకం అది. అమ్మ పెద్దదైంది, పెళ్లి చేసుకుంది, పిల్లని కంది. అక్కకి మాత్రం ఇంకా పదహారే.

ఆ అక్కని ఒక్కసారి చూపించమని పిల్ల అమ్మ ప్రాణం తోడేస్తూ ఉండేది. కుదరదని అమ్మ తెగేసి చెప్పేది. అక్క ఎవరో బయట పెట్టబోమని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారట. అక్క వెనక మెట్ల మీంచి వస్తుందట. చెప్పులు కిర్రుమంటే మైకు పట్టేస్తుందని వాటిని గుమ్మం బయటే విడిచి, తన మాటలు చదివేసి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతుందట. అమ్మ ఫోనులో కూడా ఆ నంబరుకి పేరు లేదు, ‘అక్క’ అని మాత్రమే ఉంది.

మీసాలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు అతని కాళ్లు కనిపించాయి. చెప్పులు లేవు.

దొంగతనానికి వచ్చేవాడు అడుగుల చప్పుడు వినపడకుండా చెప్పులు విడిచేస్తాడని అక్క పోయిన వారమే చెప్పింది. ఇతను భుజంతో తలుపుని గుద్దాడు. అది చెక్కుచెదరలేదు. జేబులోంచి ఫోను తీశాడు, దానికేసి చూశాడు, ఏమనుకున్నాడో మళ్లీ జేబులో పెట్టేశాడు. ముఠాని పిలవబోయాడేమో అనుకుని పిల్ల కుర్చీ దిగి, పరుగున వెళ్లి టేబుల్ కింద దూరింది.

అక్కడుండగా కాలిన వాసన తగిలింది. ఏసీ సందులోంచి సన్నగా పొగ దిగుతోంది. తలుపు అద్దం కూడా బూడిద రంగుకి తిరిగింది. పిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. తలుపు తీస్తే దొంగ చేతికి చిక్కుతుంది. తియ్యకపోతే ఈ పొగలోనే ఊపిరాడక పోతుంది.

దబదబలు ఆగిపోయాయి. కాసేపటికి టేబుల్ మీద, అమ్మ మర్చిపోయి వెళ్లిన ఫోను మోగింది. పిల్ల చెయ్యి పైకి చాపి అందుకుంది. తెర మీద ‘అక్క’ అని ఉంది.

“హలో...”

“భయపడకు చెల్లీ.”

ప్రతి వారం నాటకం మొదలయ్యేది ఆ మాటతోనే. అదే గొంతు, గాజుగ్లాసు మీద చెంచా తగిలినంత సన్నగా. పిల్లకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఎంతైనా అక్క శిష్యురాలు, వెంటనే నమ్మేస్తే ఎలా?

“నువ్వే అక్కవని ఏంటి రుజువు? నాటకంలో నీ పిల్లి ఉంది కదా, దాని గొంతు ఎవరిది?”

అది ఇంటి గడప దాటకూడని రహస్యం.

“మీ అమ్మది,” అక్క దగ్గుతూ చెప్పింది. “మియావ్ అనబోయి నవ్వేస్తుంది. మళ్లీ మొదట్నుంచీ చదవాలి నేను.”

ఇక అనుమానం లేదు. పిల్ల గబగబా అంతా చెప్పేసింది, పెద్ద మీసాలు, చెప్పుల్లేని కాళ్లు, తలుపు గుద్దడం.

“నేనూ ఇక్కడే ఉన్నా చెల్లీ, తలుపు దగ్గరే. కింద వైర్లు అంటుకున్నాయి. వెనక మెట్లు ఇంకా బాగానే ఉన్నాయి. గొళ్లెం తియ్యి, వెళ్లిపోదాం.”

“మరి వాడో?”

“అతను నేను చెప్పినట్టే వింటాడు. నిన్నేమీ చెయ్యడు.”

“ఎవరికీ తియ్యొద్దని నువ్వే కదా చెప్తావు, ప్రతి వారం.”

“చెప్పాను.” అక్క గొంతు వణికింది. ఆ గొంతు వణకడం పిల్ల ఎన్నడూ వినలేదు. “అదే ఇవాళ నీ ప్రాణం మీదికొచ్చింది. ఈ ఒక్కసారికీ తియ్యి తల్లీ, నాకు చాలా భయంగా ఉంది.”

అక్కకే భయం వేస్తోందంటే ఇంకేం ఆలోచిస్తుంది? పిల్ల ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కుర్చీ ఎక్కింది. గొళ్లెం బిగుసుకుపోయి ఉంది. చేతులు చెమటకి జారాయి. గౌను అంచు చుట్టి, ఏడుస్తూనే బలమంతా పెట్టి లాగింది. గొళ్లెం ఊడొచ్చింది, తలుపు తెరుచుకుంది.

గుప్పున పొగ లోపలికొచ్చింది. బయట అక్క లేదు. మీసాలాయన ఒక్కడే నేల మీద మోకాళ్లూని ఉన్నాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని.

“భయపడకు చెల్లీ,” అన్నాడతను, అక్క గొంతుతో.