బెండకాయ పువ్వుల పార్టీ

“చేతులు కట్టుక్కూర్చుంటే పువ్వు పూయదు నాగేంద్రమ్మగారూ! రంగులో వేలు ముంచండి,” అంది ఛాయాదేవి, గదిలో ఉన్న జనక్‌పురి తెలుగు ఆడవాళ్లందరికీ వినపడేలా.

“నేను చూడ్డానికొచ్చానమ్మా, ముంచడానికి కాదు. మా ఇంట్లో బెండకాయలు వేపుడు చేసుకుంటాం,” అంది నాగేంద్రమ్మ, శాలువాలోంచి చేతులు బయటికి తియ్యకుండానే.

అందరూ కిసుక్కుమన్నారు. ఛాయాదేవికి ఒళ్లు మండింది. పది రోజుల్లో మహిళా మండలి అధ్యక్ష ఎన్నిక. పోటీలో ఉన్నది వీళ్లిద్దరే. గెలిచినావిడకి ఉగాది సభలో ముఖ్య అతిథి పక్క కుర్చీ, మెడలో దండ, చేతికి మైకు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఛాయాదేవి అప్పుడే పట్టుచీర కూడా కొనేసింది. నాగేంద్రమ్మ ఇంటింటికీ ఆవకాయ పంచుతోందని తెలిసి, దానికి విరుగుడుగా గ్రీటింగు కార్డుల క్లాసు పెట్టింది. కొత్త సంవత్సరానికి సొంత చేత్తో చేసిన పువ్వుల కార్డు పంపితే మొగుళ్ల పై ఆఫీసర్ల భార్యలు మురిసి ముక్కలైపోతారని ఊరించింది. ప్రమోషన్ వాసన తగిలేసరికి నాగేంద్రమ్మ ఆవకాయ తిన్నవాళ్లు కూడా చేతులు కడుక్కుని, మండలిలో ఒక్కరూ మిగలకుండా వచ్చేశారు.

“బెండకాయ తొడిమ దగ్గర అడ్డంగా కోస్తే ఇదిగో, ఇదే అచ్చు. కుడిచేత్తో అద్దండి. తడి ఆరకముందే ఎడమ చూపుడువేలికి కాస్త రంగు అంటించుకుని రేకుల అంచులు అలమండి. నీడ దానంతటదే వస్తుంది.”

మొగ్గలకి ఎర్రసిరా, ఆకులకి ఆఫీసర్లు సంతకాలు పెట్టే ఆకుపచ్చ సిరా. ఆ ఇంట్లో గుండుసూది కూడా సర్కారుదే.

“ఎర్రరంగు ఫీకాగా, వెలిసిపోయినట్టుంది ఆంటీ,” అని మూతి విరిచింది కొత్తగా కాపురానికొచ్చిన కమల.

ఛాయాదేవి లోపలికెళ్లి, భర్త అలమారా అడుగున దొరికిన చిన్న సీసా పట్టుకొచ్చింది. భర్త భీమేశ్వరరావు టూరు మీద భోపాల్లో ఉన్నాడు. ఉన్నా అడిగే అలవాటు ఆవిడకి లేదు. మూత తీస్తే ఊదారంగు. అద్దగానే పువ్వు కార్డు మీంచి లేచి కూర్చుంది.

“హాయ్ రామ్, అసలు పువ్వే!” అంది కమల. అంతే, అందరి ఎడమ చూపుడువేళ్లూ ఆ రంగులో మునిగాయి, ఒక్క నాగేంద్రమ్మది తప్ప.

ఎండలో ఆరబెట్టిన కార్డుల మీద ఊదా పువ్వులు సాయంత్రానికి నల్లబడ్డాయి. “నల్ల పువ్వులంటే ఫారిన్‌లో పడిచస్తారు,” అని సర్దేసింది ఛాయాదేవి. వేళ్లూ నల్లబడ్డాయి. నిమ్మచెక్క, చింతపండు, కిరసనాయిలు, ఆఖరికి అంట్లు తోమే బూడిద, దేనికీ మచ్చ కదల్లేదు.

“పోదేంటి ఆంటీ ఇది?” అని మర్నాడు కమల ఏడుపు మొహంతో వచ్చింది.

“పోకపోవడమే దాని గొప్ప! చవకరంగయితే ఒక్క కడుగుకే పోయేది. ఇది మన పార్టీ గుర్తనుకో. వేలి మీద మచ్చ ఉన్నవాళ్లంతా నా మనుషులు!”

ఆ మాట కాలనీ అంతా తిరిగి నాగేంద్రమ్మ చెవినా పడింది. ఛాయాదేవి మాత్రం పాల బూత్ క్యూలో నిలబడి నల్లవేళ్లు చూసుకుంటూ, ఉగాది ఉపన్యాసం లోలోపలే వల్లె వేసుకుంది.

ఎన్నిక ఆదివారం పొద్దున, పార్కులో, ఎండలో. బల్ల వెనక సెక్షన్ ఆఫీసరు ధర్మయ్య, ముందు మూతకి చిల్లుపెట్టిన బిస్కట్ల డబ్బా. నిరుడు ఓడిపోయినప్పుడు ఎవరో రెండేసి ఓట్లు వేశారని ఛాయాదేవి నానా యాగీ చేసి, కొత్త నిబంధనలు తనే రాసి అందరిచేతా ఒప్పించింది.

“ధర్మయ్యగారూ, నా రూల్స్ అక్షరం పొల్లుపోకుండా అమలు జరగాలి,” అంది కొత్త పట్టుచీర సర్దుకుంటూ.

“ఠీక్ హై,” అని ధర్మయ్య జేబులోంచి ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆ సీసా ఎక్కడో చూసినట్టనిపించింది ఛాయాదేవికి.

“మొదటి రూలు. ఓటేసినవారి ఎడమ చూపుడువేలికి చెరగని సిరా పూయాలి. వేలిమీద అప్పటికే ఆ మచ్చ ఉంటే ఓటు చీటీ ఇవ్వకూడదు. రా అమ్మా కమలా, వేలు చూపించు.”

కమల చెయ్యి కొంగులో దాచుకుంది. ఆ పిల్ల వెనక క్యూ అంతా కొంగులు సవరించుకుంది. ధర్మయ్య ఒక్కొక్క వేలే చూసి ఒక్కొక్కరినే పక్కన నిలబెట్టాడు.

“అది నా కార్డుల రంగండీ!” అని అరిచింది ఛాయాదేవి.

“మీవారి అలమారాలోదేనా? నేనూ ఆయనా కలిసే పోలింగ్ డ్యూటీ చేశాం. సిరా మిగిలితే చెరొక సీసా ఇంటికి తెచ్చుకున్నాం. ఏదీ, తమరి వేలు?”

ఛాయాదేవి పిడికిలి బిగించింది. “అయితే ఆ రూలు తీసెయ్యండి!”

“తియ్యాలంటే సభ్యులు ఓటెయ్యాలి తల్లీ. ఓటెయ్యాలంటే వేలు శుభ్రంగా ఉండాలి.”

అప్పుడు నాగేంద్రమ్మ శాలువాలోంచి చేతులు బయటికి తీసింది. పసుపు తప్ప మరక లేని చేతులు. చీటీ రాసి డబ్బాలో వేసి, ధర్మయ్య చేత వేలికి సిరా పూయించుకుంది. ఆయన డబ్బా తెరిచి, ఉన్న ఒక్క చీటీనీ గంభీరంగా చదివి, గెలుపు ప్రకటించాడు.

కొత్త అధ్యక్షురాలు నేరుగా ఛాయాదేవి దగ్గరికి నడిచి, తడి ఆరని వేలు ఆవిడ ముక్కు ముందు పెట్టింది.

“మచ్చ ఉన్నవాళ్లంతా మీ మనుషులేనటగా ఛాయమ్మా! ఇవాళ్టినుంచి నేనూ మీ మనిషినే.”