ఏడు పత్తికట్టెలు

"ఈ నేల మీద ఏనుగుల చేత కబడ్డీ ఆడించండి సార్. చీమ దూరే సందు కనపడితే నా మీసం తీయించుకుంటా!" అన్నాడు రోలర్ డ్రైవర్ వాసిం.

ఇరవై నాలుగేళ్లొచ్చినా వాసింకి మీసం మొలవలేదు. ఆ ధైర్యంతోనే అన్నాడు.

ఇంజనీరు పేరయ్యగారు నవ్వేలోపే వెనక నుంచి 'బొంయ్'మని చప్పుడు.

ఎవరో ముసలామె. రోకలితో నేలని దంచుతోంది.

మళ్లీ దంచింది. ఖాళీ కాగులా మోగింది నేల.

"ఇక్కడ బోలుంది బాబూ," అంది.

వినుకొండ అవతల, మిరప చేల మధ్య, ఎప్పుడో మూసేసిన రాగి గని అది. ఇప్పుడు దాని మీదే చదును చేసి, ప్లాస్టిక్ షీట్ పరిచి, గని రాయిని కొండలా పోసి, పైన యాసిడ్ నీళ్లు చల్లుతారు. రాగి కరిగి కిందికి దిగితే పట్టుకుంటారు. కాబట్టి ముందు పాత సొరంగాలన్నీ వెతికి పూడ్చాలి. వెతికే మెషీన్ మూడు నెలలు తిరిగి నాలుగు పట్టింది. నాలుగూ కాంక్రీటుతో పూడ్చేశారు.

"ఎవరు మామ్మా నువ్వు?"

"లాల్‌బీని. సీజన్‌లో ఊరూరా తిరిగి కారం దంచుతా. ఇక్కడ యాసిడ్ పోస్తారని బస్సులో అనుకుంటుంటే విని దిగా. షీటు కింద నేల కుంగిందంటే అదంతా ఊరి బావుల్లోకే పోతుంది నాయనా."

గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ జక్రయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, ఆమె మాట వినండి సార్. ఆమె ఎవరనుకున్నారు..."

"ఎవరైతే ఏంటయ్యా? లోపలికెందుకు రానిచ్చావ్? పోయి గేటు చూసుకో."

లాల్‌బీ ఇవేవీ పట్టించుకోలేదు. సాయంత్రం దాకా చెప్పుల్లేకుండా ఆ మైదానమంతా దంచుకుంటూ తిరిగింది. బోలుగా మోగిన చోటల్లా ఒక పత్తికట్టె పాతింది. మొత్తం ఏడు.

"రేపు పొద్దున డ్రిల్ వేసి చూడండి," అని ఊళ్లోకి వెళ్లింది.

పెద్దామె మాట కాదనలేక పేరయ్యగారు సరేనన్నారు.

అందరూ టీకి వెళ్లారు. వాసిం వెళ్లలేదు.

వాసింకి నాలుక దురదపెడితే జోకేస్తాడు. చేతులు దురదపెడితే మాత్రం ఊరంతా జాగ్రత్తగా ఉండాలి. ఏడు కట్టెలూ పీకి, ఒక్కోదాన్నీ ముప్ఫై అడుగులు అవతల రాతినేలలో పాతాడు.

తెల్లారి డ్రిల్ వేశారు. ఏడు చోట్లా నల్లరాయే.

లాల్‌బీ వచ్చి చూసింది.

"నేను పాతింది ఇక్కడ కాదు బాబూ."

"మరి కట్టెలకి కాళ్లొచ్చాయా మామ్మా?" అన్నాడు వాసిం.

అందరూ పగలబడి నవ్వారు.

"ఒక్క గంట ఆగండి. మళ్లీ దంచి చూపిస్తా."

"చాలమ్మా. రేపు షీట్ పరవాలి, బోలెడు పనుంది," అన్నారు పేరయ్యగారు.

ఆమె మిరప చేల వైపు కాసేపు చూసింది. రోడ్డు మీదికి నడిచింది. జక్రయ్య ఆ రోకలి తన భుజాన పెట్టుకుని, ఆమెని వచ్చిన బస్సేదో ఎక్కించి వచ్చాడు.

మధ్యాహ్నం వాసిం ఆఖరిసారి రోలర్ తిప్పుతున్నాడు.

నేల గుటక వేసింది.

ముందు చక్రం సగం లోపలికి పోయింది. వాసిం దూకిన దూకు చూస్తే కనిగిరి కొండ మీది కోతులు సిగ్గుపడి సన్యాసం పుచ్చుకునేవి.

నల్లటి కంత. రాయి వేశారు. కింద నీళ్ల చప్పుడు వినపడేలోపు వాసిం కల్మా చదవడం పూర్తిచేశాడు.

ఆఫీసుకి ఫొటో పంపుదామని పేరయ్యగారు వాట్సాప్ తెరిచారు. పైనే వాసిం స్టేటస్. వీడియోలో వాసిం పత్తికట్టెలు పీకుతూ పళ్లికిలిస్తున్నాడు: "ఫ్రెండ్స్, కట్టెలకి కాళ్లొచ్చాయ్!"

వంద మంది చూశారు. ఒక్క సార్‌కి దాచడం మర్చిపోయాడు.

"ఏంట్రా ఇది?"



"నేనే సార్. నవ్వుకుందామని మార్చా. ఆమె నిజమే చెప్పింది. నేనే దాన్ని అబద్ధం చేశా."

"ఎక్కడ పీకావో చూపించు."

చూపించాడు. ఒకటి రోలర్ దిగబడ్డ చోటే. మిగిలిన ఆరు చోట్లా డ్రిల్ వేశారు. ఆరు సార్లూ రాడ్డు చేతిలోంచి జారినట్టు లోపలికి జారిపోయింది. ఆరోదానికి పేరయ్యగారు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నారు.

"జక్రయ్యా, ఆమె ఏ ఊరు పోయింది?"

"తెలీదు సార్. ఫోన్ లేదు. కారం ఎక్కడ దంచమంటే అక్కడికే."

వాసిం జక్రయ్య ముందుకొచ్చి తల దించుకున్నాడు.

"ఎవరు బాబాయ్ ఆమె?"

జక్రయ్య ఆ కంతలోకి చూస్తూ అన్నాడు.

"నలభై ఏళ్ల కిందట ఇక్కడే గని కూలి తొమ్మిది మందిమి పూడిపోతే, చచ్చారులే అని అందరూ ఇళ్లకి పోయాక, మూడో రోజు పైనుంచి నేల దంచి, మేం కిందనుంచి కొట్టిన జవాబు విన్న మనిషి రా."