హాఫ్‌టైమ్‌లో హాట్‌డాగ్

శనివారం పొద్దున రాయిస్ టిడ్‌వెల్ సెలూన్‌లో కుర్చీ ఎక్కాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి.

"అలబామానా, ఆబర్నా?"

కాలేజీ ఫుట్‌బాల్‌లో అలబామా జట్టు అన్నవాడికి వెంటనే కుర్చీ. ఆబర్న్ అన్నవాడు వాళ్ల తర్వాత. ఇంకే కాలేజీ పేరు చెప్పినా అందరికంటే చివర. ముప్పై ఏళ్లుగా ఊళ్లో జడ్జిగారికైనా ఇదే రూలు.

ఆ రోజు తొమ్మిదింటికి ఒక కొత్త మనిషి వచ్చాడు. చెవుల మీదికి జుట్టు దిగి ఉంది.

"జుట్టు కత్తిరించాలండీ. అలాగే మీతో ఒక మాట..."

"మాట తర్వాత. అలబామానా, ఆబర్నా?"

ఆయన కాస్త ఆలోచించాడు.

"ఎవరి బ్యాండు బాగుంటే వాళ్లండీ."

సెలూన్ అంతా గొల్లుమంది.

"అయితే ఆ చివరి బల్ల మీద కూర్చోండి సార్!" అన్నాడు రాయిస్.

కుర్చీలో గడ్డం నిండా నురగతో డబ్ స్టెగాల్ ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆబర్న్ మనిషి.

"ఈ ఏడు మీ డిఫెన్సు జల్లెడరా రాయిస్."

"నీ మెడ నా కత్తి కింద ఉంది. చూసుకుని మాట్లాడు."

"అదికాదు గానీ, రాత్రి టీవీలో ఒకాయన బిగ్ టెన్ కాన్ఫరెన్సే దేశంలో గొప్పదన్నాడు. విన్నావా?"

అంతే, ఇద్దరు శత్రువులూ ఒకటైపోయారు. ఆ ఊళ్లో ఇంటి గొడవ ఇంటిదే. ఇద్దరి కాలేజీలూ ఉన్న కూటమిని కాదని పరాయి కాన్ఫరెన్సు పేరెత్తితే మాత్రం అలబామా, ఆబర్న్ అన్నదమ్ములు.

"బిగ్ టెన్ అట!" రాయిస్ అరుపుకి అద్దాలు అదిరాయి. "పేరులో పది, లోపల పద్దెనిమిది కాలేజీలు! లెక్కపెట్టడం రానోళ్లకి ఫుట్‌బాల్ ఎందుకురా?"

"మన కాన్ఫరెన్సులో అట్టడుగున ఉన్న జట్టు చాలదూ, వాళ్లని మట్టి కరిపించడానికి!" అందుకున్నాడు డబ్.

"నన్నడిగితే..." అన్నాడు కొత్తాయన మెల్లగా.

అందరూ అటు తిరిగారు.

"హాఫ్‌టైమ్‌లో జనం సీట్లోంచి లేవని కాన్ఫరెన్సే గొప్పదండీ."

డబ్ నోట్లోకి నురగ పోయి దగ్గు వచ్చింది.

"హాఫ్‌టైమ్ ఉన్నదే హాట్‌డాగ్ కోసం కదా సార్!"

"మరి ఆ టైములో వాయించే బ్యాండు?"

"మా మనవరాలు మార్లీ కూడా హైస్కూల్ బ్యాండులోనే ఉందిలెండి," అన్నాడు రాయిస్. "ట్యూబా వాయిస్తుంది. తనకంటే పెద్ద ఇత్తడి బాకా."

"నిన్న స్కూలు మ్యాచ్‌లో విన్నారా?"

"హాట్‌డాగ్ లైన్లో ఉన్నా."

"పోనీ, అంతకుముందు?"

రాయిస్ చేతిలో కత్తి ఆగింది.

"నాలుగేళ్లుగా లైను పొడుగ్గానే ఉంటోందండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాయిస్ గొంతు కూడా తగ్గింది.

"అసలు నా దిగులే అది. టచ్‌డౌన్ కొట్టేవాడికి స్కాలర్‌షిప్ ఇస్తారు గానీ, బాకాకి ఎవడిస్తాడు? ఏదో కాలేజీ నుంచి కబురొస్తుందని పిల్ల నెల రోజులుగా పోస్టు డబ్బా దగ్గరే కాపలా. రాకపోతే చదువు లేదు. ఈ పక్క కుర్చీలో కత్తెర పట్టుకోవడమే."

కొత్తాయన ఏదో చెప్పబోయాడు. అంతలో తలుపు తోసుకుని ఇంకొకడు వచ్చాడు. అలబామా అన్నాడు, డబ్ దిగగానే కుర్చీ ఎక్కాడు, బిగ్ టెన్‌లోని ఒహాయో జట్టు మీద తిట్లు మొదలుపెట్టాడు. రాయిస్‌కి దిగులు గిగులు ఎగిరిపోయి మళ్లీ అద్దాలు అదిరేలా పూనకం వచ్చింది.

పదిన్నరకి కూడా కొత్తాయన చివరి బల్ల మీదే ఉన్నాడు. గడియారం చూసి లేచాడు.

"వెళ్లాలండీ. మధ్యాహ్నం మ్యాచ్ ఉంది. మా పిల్లల్ని బస్సెక్కించాలి."

"ఏ కాన్ఫరెన్సు సార్?" డబ్ కన్ను గీటాడు.

"చిన్నదండీ. టీవీలో రాదు."

మళ్లీ నవ్వులు.

"మరి జుట్టు?" అన్నాడు రాయిస్ మొహమాటంగా.

"పెద్ద టోపీ పెట్టుకుంటాను లెండి." ఆయన కూడా నవ్వుతూనే చెయ్యి కలిపాడు. "వచ్చే మ్యాచ్‌లో మాత్రం హాఫ్‌టైమ్‌లో లేవకండి."

ఆయన వెళ్లాక డబ్ తల ఊపాడు.

"పాపం, ఫుట్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు."

"ఎవరో బాకాలమ్ముకునే ఆయన అయ్యుంటాడు," అన్నాడు రాయిస్.

పావుగంట తర్వాత మార్లీ పరుగెత్తుకుంటూ వచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

"తాతా! వచ్చింది! కాలేజీ సీటు! నాలుగేళ్లకీ స్కాలర్‌షిప్!"

రాయిస్ కత్తెర పారేసి పిల్లను అమాంతం ఎత్తి తిప్పాడు. డబ్ అయితే ఆబర్న్ గెలిచినప్పుడు కూడా అంత గట్టిగా కేక పెట్టలేదు.

"ఉత్తరం ఏదే? చూపించు!"

"ఉత్తరం కాదు తాతా, అక్కడి బ్యాండ్ మాస్టారే ఇప్పుడు ఫోన్ చేశారు. నిన్న హాఫ్‌టైమ్‌లో నా ట్యూబా విన్నారట."

"నిన్నా? మన ఊళ్లోనా? నేను చూడనే లేదే!"

"నువ్వు లైన్లో ఉన్నావుగా."

మార్లీ కళ్లు తుడుచుకుంది.

"ఇంత పిల్లకి అంత ఊపిరి ఎక్కడిదా అని రాత్రంతా ఆశ్చర్యపోయారట తాతా. పొద్దున గంటన్నర సేపు నీ సెలూన్‌లో చివరి బల్ల మీద కూర్చున్నాక తెలిసిపోయిందట."